బొరుగు కడుపులో గడ్డ

“గడ్డ తగులుతాందమ్మా” అన్నాడు పశువుల డాక్టరు బాలస్వామి, పిల్లి పొట్ట కిందినుంచి వేళ్లు తీయకుండానే.

రామేశ్వరమ్మ చెవులు గింగురుమన్నాయి. ఎదురుగా బల్ల మీద ముడుచుకుని ఉన్నది పిల్లి అన్న సంగతే ఆమె మరిచిపోయింది. కడుపులో గడ్డ! ఈ రెండు మాటలే కదా అక్క ఉమామహేశ్వరమ్మను మింగినవి. కడుపులో గడ్డ ఉందని ఎవరో అంటే, మిరపకాయలు దంచుతున్న మనిషి చేతులు కడుక్కుని కర్నూలుకు పోయింది. మళ్లీ వచ్చి ఆ రోకలి పట్టలేదు. అప్పటినుంచి రామేశ్వరమ్మ తన ఇంట్లో ఆ మాటే పలకనివ్వదు. ఊరంతా ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు అంటుంటే తను మాత్రం ఉల్లి, వెల్లుల్లి అంటుంది. “ఈయమ్మ గుంటూరు నుంచి దిగినాదిలే” అని వీధిలోవాళ్లు ఎగతాళి చేసినా పట్టించుకోదు. ఆమె తప్పించుకోలేని గడ్డ ఒక్కటే మిగిలింది. అది పుట్టి పెరిగిన ఊరు, ఆళ్లగడ్డ.

“క్యాన్సరా సార్?” అంది.

“నేను ఆ మాట అన్లేదు కదమ్మా! గట్టిగా ఏందో తగులుతాందంటి. మలం గట్టిపడినా తగులుతాది. ఉచ్చ నిలబడినా తగులుతాది. మూత్రపిండం వాచినా తగులుతాది. ఏందనేది నా వేళ్లకు తెలీదు. ఎనుములు, గొర్రెలు చూసే చెయ్యి నాది. నంద్యాల్లో పూర్ణిమ మేడమ్ అని ఉంది, కుక్కలకు, పిల్లులకు చూస్తాది. ఎక్స్‌రే ఉంది ఆమె కాడ. ఈ పొద్దే పో.”

“రేపు పోతే ఏమయితాది సార్?”

“ఏమీ కాగూడదనే ఈ పొద్దు పొమ్మంటాండా.”

రామేశ్వరమ్మ ఇంకో మాట అడగకుండా పిల్లిని కొంగులో చుట్టి ఎత్తుకుంది.

పిల్లి పేరు బొరుగు. మరమరాల గింజలాగా తెల్లగా, తేలిగ్గా, ఊదితే ఎగిరిపోయేటట్టు ఉండే పిల్లిపిల్లను చూసి కూతురు హిమజ పెట్టిన పేరది. హిమజ కాపురం సున్నిపెంటలో. అల్లుడు రాజశేఖర్‌కు డ్యాము కాడ ఉద్యోగం. అతను రాత్రి డ్యూటీకి పోతే, అడవి పక్కన ఆ క్వార్టర్సులో పిల్ల ఒంటరిగా పడుకోవాలి. చిరుతలు వస్తాయని, పాములు వస్తాయని రామేశ్వరమ్మ ఆళ్లగడ్డలో నిద్ర మానుకుంటే, హిమజ మాత్రం బొరుగును పక్కలో వేసుకుని హాయిగా నిద్రపోయేది. కడుపుతో పుట్టింటికి వస్తూ దాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.

ఆ పిల్లి ఇంట్లో కాలు పెట్టిన రోజునుంచీ రామేశ్వరమ్మకు అదొక దిగులు. దాని వెంట్రుక అన్నంలోకి పోతే కడుపులో బిడ్డకు ఆయాసం పట్టుకుంటుందేమో! దాని పొట్ట కాస్త లావెక్కినట్టు కనపడితే ఇంకో దిగులు. ఒకే ఇంట్లో రెండు కాన్పులు పనికిరావంటారు కదా!

“మా, అది మగది” అని హిమజ కడుపు పట్టుకుని నవ్వింది.

మగదని తెలిశాక కూడా రామేశ్వరమ్మ దాని పొట్ట వంక అనుమానంగానే చూసేది.

ఆమె తీరే అంత. బేతంచెర్ల నుంచి బండల లారీ తోలే భర్త లక్ష్మీనారాయణ ఫోను ఎత్తడం ఆలస్యమైతే, లారీ బోల్తా పడిన మలుపుతో సహా ఆమె కళ్లకు కనపడిపోతుంది. కూతురి శ్రీమంతానికి తన చేతులతో మొగ్గలజడ గుచ్చింది. అందరూ బాగుంది బాగుంది అంటుంటే, సంతోషానికి బదులు దిష్టి తగులుతుందని హడలిపోయింది. జడ తీయగానే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి, పాత గుడ్డలో మూట కట్టేసింది. దిష్టి తీసిన జడను విప్పకూడదు. నలుగురూ తొక్కేచోట పారేయకూడదు. అందులో ఒక్క వెంట్రుక చిక్కుకుని ఉన్నా ఎవరైనా ఏమైనా చేయగలరు. పారే నీళ్లలోనే వదలాలి. కేసీ కాలవ చూస్తే ఎండిపోయి నెర్రెలు విచ్చి ఉంది. నీళ్లు వదిలాక వేద్దామని మూటను అటక మీద పెట్టింది.

అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటుంది. శ్రీమంతం నాటినుంచి ఇంట్లో ఒక సూది కనపడటం లేదు. సూది ఒంట్లోకి దిగితే నెత్తురులో నడుచుకుంటూ గుండె దాకా పోతుందని ఆమె ఎప్పుడో వినింది. కూతురి పరుపు దులిపింది. దిండ్లు విప్పి దూది పీకింది. పక్కింటి బుడేన్ ఆటోలో చెడిపోయిన స్పీకరుంటే పగలగొట్టించి, అందులోని సూదంటురాయి తెచ్చి, కూతురు పడుకున్నాక ఆమె వీపు మీద, పొట్ట మీద తాకీ తాకనట్టు తిప్పింది. ఏమీ అంటుకోలేదు. అంటుకోలేదంటే మరీ లోపలికి పోయిందేమోనని ఇంకా భయపడింది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

అంతలో బొరుగు తిండి మానేసింది. తిన్నది కక్కింది. మూతి ముందుకాళ్లతో గీరుకుంటూ మంచం కిందికి దూరింది. దానితో పాటు హిమజ కూడా కంచం ముందు కూర్చుని లేచిపోవడం మొదలుపెట్టింది. సూది భయం వెనక్కి పోయి ఈ భయం ముందుకొచ్చింది.

బాలస్వామి దగ్గరనుంచి రామేశ్వరమ్మ ఇంటికొచ్చేసరికి హిమజ గడపలోనే నిలబడి ఉంది, నడుము మీద ఒక చెయ్యి పెట్టుకుని.

“ఏమన్న్యాడు మా?”

“ఏం ల్యా. అరక్కపోయిందంట. నంద్యాల్లో మందు దొరుకుతాదంట.”

“అరక్కపోతే నంద్యాల దాకా ఏమిటికి? నా మొగం చూసి చెప్పు.”

రామేశ్వరమ్మ మొగం తిప్పుకుని, బట్టల బుట్టలో పాత దుప్పటి పరిచి, పిల్లిని పెట్టి, పైన జల్లెడ బోర్లించి చున్నీతో గట్టిగా కట్టసాగింది.

“నేనూ వస్తా” అంది హిమజ.

“నువ్వా? ఎనిమిదో నెలలోనా? ఆ ఆటోలోనా? శిరివెళ్ల కాడ గుంతలు చూసినావా? కడుపు కదిలిందంటే మీ అత్త నన్ను బతకనిస్తాదా?”

“అయితే దాన్ని ప్రాణాలతో తీసకరా. ఉత్త బుట్ట తెచ్చినావంటే గుక్కెడు నీళ్లు కూడా ముట్టను. ముందే చెప్తాండా.”

పొద్దున టిఫినుకు చేసిన ఉగ్గాని పొయ్యి పక్కన అట్లాగే ఎండిపోయి ఉంది. కూతురి కళ్ల కింద నల్లటి చారలు చూసింది రామేశ్వరమ్మ. ఈ పిల్లి చచ్చిందంటే ఆ వార్త నేరుగా ఆ కడుపు మీద పడుతుంది. నెలలు నిండకుండానే నొప్పులు వస్తాయి. ఆమెకు అంతా కళ్లముందే జరిగిపోతున్నట్టుంది. ఇష్టం లేని ఆ పిల్లిని బతికించుకోవడం తప్ప ఆమెకు దారి లేకపోయింది.

బుడేన్ ఆటో శిరివెళ్ల దాటింది. రామేశ్వరమ్మ బుట్ట ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

“పెద్దమ్మా, మా ముసలి జేజిని ఆసుపత్రికి తీసకపోయినప్పుడు కూడా ఇంత మెల్లగా తోల్లేదు నేను” అన్నాడు బుడేన్. “ఎనకాల లారీవోడు హారను కొట్టీ కొట్టీ అలిసిపోయినాడు పాపం.”

“మెల్లగానే పోనీ అప్పా. గడ్...” అని నాలుక కరుచుకుంది. “లోపల ఉండేది పగిలిపోతే?”

“పగిలేదేం కాదులే. మా చిన్నాయన పిల్లికి ఇట్లే కడుపు గట్టిపడితే ఆముదం తాపినారు. తెల్లారికి మూడు వీధుల వాళ్లు ముక్కు మూసుకున్యారు.”

ఇంకోసారైతే ఆమె నవ్వేది. జల్లెడ సందులోంచి చూస్తే బొరుగు నోటినుంచి తీగలాగా చొంగ కారుతోంది. పిచ్చికుక్క కరిచి ఉంటే? హిమజ దాన్ని ముద్దు పెట్టుకుంటుందే! క్యాన్సర్ పోయి పిచ్చి వచ్చింది ఆమె తలలోకి. నంద్యాల చేరేలోపు ఇంకా రెండు జబ్బులు వచ్చిపోయాయి.

డాక్టర్ పూర్ణిమ హిమజ కంటే రెండేళ్లు పెద్దదై ఉంటుంది. జుట్టు పైకి ముడేసుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“పేరు?”

“రామేశ్వరమ్మ.”

“పిల్లి పేరమ్మా.”

“బొరుగు.”

డాక్టరమ్మ పెదవులు బిగించుకుని నవ్వు ఆపుకుంది. వాంతులు ఎప్పటినుంచి, నీళ్లు తాగుతోందా, దొడ్డికి పోతోందా, వయసెంత అని వరుసగా అడిగింది. రామేశ్వరమ్మ అడిగినదానికీ చెప్పింది, అడగనిదానికీ చెప్పింది. అక్క సంగతి చెప్పింది. పిచ్చికుక్క సంగతి చెప్పింది.

“ఇంట్లో టైలరింగ్ చేస్తారా? కుట్టుపని ఏమన్నా ఉందా?”

“ల్యా మేడమ్. మా ఇంట్లో మిషనే ల్యా. గుండీ ఊడినా బజారుకే ఇస్తాం.”

పూర్ణిమ తల ఊపి పిల్లి పొట్టను రెండు చేతుల మధ్యకు తీసుకుంది. కళ్లు మూసుకుని వేళ్లతో వెతికింది. బొరుగు లేని సత్తువ తెచ్చుకుని మూలిగింది.

“బాలస్వామి సార్ సరిగ్గానే పట్టినారు. నడిమధ్యలో ఉంది, ముద్దలాగ. ఉచ్చ సంచి ఖాళీగానే ఉంది. మూత్రపిండాలు రెండూ మామూలుగానే ఉన్నాయి. మలం అయితే వేలికి నొక్కుకుంటుంది, ఇది నొక్కుకోవడం ల్యా. ఇది పేగుదే. చిన్న వయసు కాబట్టి క్యాన్సర్ అని ముందే భయపడొద్దు. వెంట్రుకల ఉండ కావొచ్చు. పేగులో పేగు దూరి ఉండొచ్చు.”

“పేగులో పేగు దూరడమా!” రామేశ్వరమ్మ చెయ్యి తన పొట్ట మీదికి పోయింది. “మనుషులకు కూడా దూరుతాదా మేడమ్?”

“ముందు పిల్లిని చూద్దాంలేమ్మా.”

లోపల గదిలో ఎక్స్‌రే తీశారు. కాసేపటికి కంప్యూటరు తెర మీద బొమ్మ వచ్చింది. బూడిదరంగు మబ్బు పట్టినట్టుంది. అందులో వెన్నెముక పూసలు, పక్కటెముకలు. రామేశ్వరమ్మకు అవేమీ తెలియలేదు. కానీ పొట్ట మధ్యలో ఉన్నది మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తెల్లగా మెరిసే ఒక గీత. తిన్నగా, సన్నగా. ఒక కొస మొనదేలి ఉంది. ఇంకో కొసన చిన్న బెజ్జం.

“సూది!” అంది డాక్టరమ్మ.

రామేశ్వరమ్మ తెర మీదికి వంగి చూసింది. దిండ్లలో వెతికిన సూది. కూతురి ఒంటి మీద సూదంటురాయి తిప్పి వెతికిన సూది. గుండెకు నడుచుకుంటూ పోతుందని తను కంటి మీద కునుకు లేకుండా కాపలా కాసిన సూది. అది ఈ తెర మీద, ఈ పిల్లి కడుపులో!

“నా సూది!” అని అరిచింది. “నా సూదే! నా బిడ్డ కడుపులో ల్యా! దేవుడా, నా బిడ్డ కడుపులో ల్యా!”

చేతులెత్తి దండం పెట్టింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, మొగం మాత్రం నవ్వుతోంది. డాక్టరమ్మ నివ్వెరపోయి చూసింది. గుమ్మంలో నిలబడ్డ బుడేన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“పెద్దమ్మా, సూది పిల్లి కడుపులో ఉంటే నువ్వు దండం పెడ్తాండావేంది?”

అప్పుడు బల్ల మీదనుంచి బొరుగు సన్నగా ఏడ్చింది. పసిబిడ్డ ఏడ్చినట్టే. రామేశ్వరమ్మ నవ్వు మొగం మీదే గడ్డకట్టింది.

పూర్ణిమ అప్పటికే పిల్లి దగ్గరికి పోయింది. “సూది ఒక్కటే మింగదు. దారం ఉండాల దీనికి” అంటూ ఒక చేత్తో తల వెనక్కి వంచి నోరు తెరిచింది. బొటనవేలితో దవడ కిందినుంచి నాలుకను పైకి నెట్టింది.

నాలుక మొదట్లో దారం చుట్టుకుని ఉంది. కండలోకి కోసుకుపోయి, చుట్టూ వాచి, ఎర్రటి చీలికలో దిగబడి ఉంది. చొంగ ఎందుకు కారిందో, మూతి ఎందుకు గీరుకుందో ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. దారం ఆకుపచ్చది. మొగ్గల కాడల్లో కలిసిపోవాలని నాలుగు అంగళ్లు తిరిగి ఏరికోరి తెచ్చుకున్న దారం.

“ఇదిగో, ఈడనే ఉంది మేడమ్!” అంటూ రామేశ్వరమ్మ రెండు వేళ్లు చాచి ఆ దారం కొస పట్టుకోబోయింది.

“లాగొద్దు!”

డాక్టరమ్మ ఆమె మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

“లాగితే ఇప్పుడే, ఈ బల్ల మీదే చచ్చిపోతాది. అర్థమయిందా?” గొంతు తగ్గించి మళ్లీ చెప్పింది. “పావడ బొందు లాగితే గుడ్డ కుచ్చులు పడ్తాదా ల్యాదా? దీని పేగు ఇప్పుడు అట్ల కుచ్చులు పడి ఉంది. పైన నాలుకకు దారం పట్టుకుంది. కింద సూది పట్టుకుంది. మధ్యలో పేగు దాన్ని ముందుకు తోయాలని తోసీ తోసీ అంతా ఒకచోటికి వచ్చేసింది. మనం చేత్తో తాకి గడ్డ అంటాండేది ఆ కుచ్చుల్నే. మీరు ఒక్క గుంజు గుంజినారంటే దారం రంపం మాదిరి పేగును కోసేస్తాది.”

గడ్డ కాదు. అసలు గడ్డే కాదు. పొద్దుటినుంచి ఆ మాటకు చచ్చి బతికిన రామేశ్వరమ్మకు ఇప్పుడు గడ్డే అయి ఉంటే బాగుండేదనిపించింది. గడ్డ అయితే దేవుడి మీద వేయొచ్చు. ఈ దారం ఎవరి మీద వేయాలి?

“కుట్టుపని ల్యాదన్నారు కదమ్మా?”

“కుట్టుపనంటే బట్టలనుకుంటి మేడమ్. పూలు గుచ్చేది కుట్టుపనా?”

అప్పుడే ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. ముహూర్తం దాటిపోతోందని వియ్యపురాలు వాకిట్లోనుంచి కేకలు. జడ చివర ఇంకా నాలుగు వరసలు మిగిలి ఉన్నాయి. సూదిలోకి కొత్తగా బారెడు దారం ఎక్కించుకుని ఒక మొగ్గ గుచ్చింది. అంతలో ఎవరో వచ్చి జడను చేతుల్లోనుంచి లాక్కోబోయారు. సూదిని జడ అడుగున ఉన్న అరటిపట్టలోకి గుచ్చి వదిలింది. తర్వాత తీద్దామనుకుంది. తర్వాత అన్నది రాలేదు. హారతి, గాజులు, ఫోటోలు. హిమజ కుర్చీలో వెనక్కి వాలింది. వచ్చినవాళ్లంతా ఆమె వీపు మీద చెయ్యి వేసి దీవించారు.

ఆ వీపు కిందే ఉంది సూది!

రామేశ్వరమ్మ గోడ పట్టుకుంది. ఇల్లంతా వెతికింది, జడను తప్ప. దిష్టి తీసిన జడ విప్పకూడదని ఆ మూట జోలికే పోలేదు. బొరుగు పగలంతా పడుకునేది ఆ అటక మీదే. మూట చిరగడం, దారం కొస వేలాడటం, ఆ కొసతో అది ఆడుకోవడం, ఇదంతా తన నెత్తి మీదే జరిగింది. తను కింద నిలబడి సూదంటురాయి తిప్పుతూ ఉంది.

“ఆపరేషన్ చేయాల” అంటోంది డాక్టరమ్మ. “చేయకపోతే బతకదు. చేస్తే బతకొచ్చు. పేగు ఎంత దెబ్బ తినిందో తెరిస్తే గాని నేను చెప్పలేను. మత్తు కూడా తట్టుకోవాల. ఇంట్లో ఎవరినన్నా అడగాల్నా?”

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తెర మీద హిమజ మొగం.

రామేశ్వరమ్మ ఫోనును బుడేన్ చేతిలోకి తోసేసింది. “నేను ల్యానని చెప్పు.”

“నువ్వు ల్యాకుండా పిల్లి ఒక్కటే వచ్చిందా పెద్దమ్మా నంద్యాలకు?”

“ఏందో ఒకటి చెప్పప్పా!” అని డాక్టరమ్మ వైపు తిరిగింది. “చేయండి మేడమ్.”

బుడేన్ బయటికి పోయి “హలో, హలో, వినపడ్ల్యా పాపా, ఈడ సిగ్నల్ ల్యా” అని పక్క వీధి దాకా వినపడేటట్టు అరిచి ఫోను పెట్టేశాడు.

తలుపు మూసుకుంది. రామేశ్వరమ్మ బయట బెంచీ మీద ఉత్త బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ రాబోయేదాన్ని తలుచుకుని భయపడే మనిషి, ఇప్పుడు అయిపోయినదాన్ని తలుచుకుని వణుకుతోంది. ఆ వెనక్కి వాలినప్పుడు సూది దిగి ఉంటే? అది దిగలేదు. దిగనందుకు దండం పెట్టాలనుకుంటే, లోపల కోత పడుతున్న ఆ నోరులేని జీవం గుర్తొచ్చి చేతులు పైకి లేవడం లేదు. బుడేన్ టీ తెచ్చి పక్కన పెట్టాడు. దాని మీద మీగడ కట్టింది.

మళ్లీ తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మ చేతిలో స్టీలు ట్రే ఉంది. అందులో సూది. దాని బెజ్జంలోనుంచి తడిసిన ఆకుపచ్చ దారం, చుట్టలు చుట్టలుగా. ఆ దారానికి ఒకచోట ఎండిన మల్లెమొగ్గ కాడ ఇంకా పట్టుకుని ఉంది. రామేశ్వరమ్మ దాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తన చేత్తో గుచ్చిన మొగ్గ.

“బతికే ఉంది” అంది పూర్ణిమ. “ఇప్పటికైతే. పేగు ఒకచోట కాదు, చాలాచోట్ల కోసి తీయాల్సొచ్చింది. కుట్లు కారకుండా నిలబడి, దానంతట అది తింటే అప్పుడు గట్టెక్కినట్టు. ఈడనే ఉండాల. ఈ పొద్దు పంపను.”

“ఈ పొద్దు పంపరా?” రామేశ్వరమ్మ ఒళ్లోని బుట్టను చూసుకుంది. “ఉత్త బుట్టతో పోతే నా కూతురు...”

అబద్ధం ఆడదామంటే ఏ అబద్ధానికీ ఈ బుట్ట ఒప్పుకోదు. ఫోను తీసింది. హిమజ మొదటి మోతకే ఎత్తింది.

“మా! బొరుగు?”

“బతికే ఉంది. ముందు కూచో. కూచున్నావా? గోడకు ఆనుకో.” ఆమె బుట్టను పక్కన పెట్టింది. “హిమా, అది గడ్డ కాదే. సూది. నా సూది. నీ జడలో మర్చిపోయినా. నీ శ్రీమంతం అయిపోయేదాకా అది నీ వీపు మీదనే ఉండింది. అటక మీద పిల్లి మింగింది. కోసి తీసినారు.”

అవతల ఏ చప్పుడూ లేదు. “హిమా? పాపా? నొప్పి వస్తాందా? ఎవరినన్నా పిలువు! పాపా!”

“మా” అంది హిమజ. “నేను పండుకున్నాక నల్లగా ఏందో నా పొట్ట మీద తిప్పుతాండేదానివి కదా. అది సూది కోసమా?”

“నీకు మెలకువేనా!”

“చల్లటిది పొట్టకు తగిలితే మెలకువ రాదా? దిష్టి తీస్తాండావనుకుంటి. నీ తృప్తి కోసం కండ్లు మూసుకోని పండుకుంటి.”

“చెప్పొచ్చు కదే!”

“నువ్వు చెప్పినావా?”

తల్లీ కూతుళ్లు ఇద్దరూ ఏడ్చారు. అది బుడేన్ స్పీకరులోనుంచి తీయించిన సూదంటురాయి అని ఏడుపు మధ్యలో తల్లి చెప్పగానే హిమజకు నవ్వు వచ్చింది. స్పీకరు రాయి, స్పీకరు రాయి అంటూ ఆగకుండా నవ్వుతోంది.

“నవ్వొద్దే! కడుపు కదుల్తాది!” అని రామేశ్వరమ్మ క్లినిక్కు అదిరిపోయేటట్టు అరిచింది.

“ఉత్త బుట్టతోనే రా మా” అంది హిమజ చివరికి. “తింటాలే. జొన్నరొట్టె, ఎర్రగడ్డ కారం చేసి పెట్టు. ఎర్రగడ్డ అంటాండా, వినపడిందా?”

“వినపడింది” అంది రామేశ్వరమ్మ.

బొరుగు మరుసటి రోజంతా ఏమీ ముట్టలేదు. ఆ తర్వాత చేప ముక్క వాసనకు తల ఎత్తిందని డాక్టరమ్మ ఫోను చేసి చెప్పింది. ఇంటికి వచ్చినప్పుడు దాని పొట్ట మీద బొచ్చు గొరిగి, కుట్లు వరసగా ఉన్నాయి. రామేశ్వరమ్మ వాటిని చూసి “నాకంటే బాగా గుచ్చింది” అనుకుంది. హిమజకు నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఉయ్యాల తాడు వంక పిల్లి చూసిన ప్రతిసారీ అమ్మమ్మ పరుగెత్తుకొచ్చేది.

కేసీ కాలవకు నీళ్లు వదిలారని బుడేన్ చెప్పిన రోజు ఆమె మూట తీసుకుని బయలుదేరింది. ఈసారి మూట విప్పి, ఒక్కొక్క వరస వేళ్లతో తడిమి చూసుకునే కట్టింది. డాక్టరమ్మ దూదిలో చుట్టి ఇచ్చిన సూది కూడా మాత్రల డబ్బీలో పెట్టి కొంగుకు ముడేసుకుంది.

ఎర్రటి కొత్త నీళ్లు ఒడ్డును ఒరుసుకుని పోతున్నాయి. జడను వదిలింది. అది ఒకసారి తిరిగి, మునిగి, దూరంగా తేలింది. డబ్బీ మూత తీసి సూదిని రెండు వేళ్లతో పట్టుకుంది.

“దాన్ని కూడా ఇసిరెయ్ పెద్దమ్మా, పీడ పోతాది” అన్నాడు బుడేన్ ఆటోలోనుంచి.

చెయ్యి చాచింది. నీళ్లలో ఏదో తళుక్కుమని మెరిసి మాయమైంది. చేప. రామేశ్వరమ్మ చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

“ఏమాయ?”

“చేప మింగితే?” అంది. కళ్లు ఇంతింతయ్యాయి. “ఆ చేపను ఎవరన్నా తింటే? కడుపుతో ఉండే పిల్ల తింటే?”

బుడేన్ నవ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు. ఆమె సూదిని దూదిలో పెట్టి, డబ్బీ మూత బిగించి, మళ్లీ కొంగుకు ముడేసుకుంది. ఆటో ఎక్కి కూర్చున్నాక ముడిని ఒకసారి పట్టి చూసుకుంది.